సాహిత్యసంస్థలకు ఈమెయిలు, వెబ్ ఆశ్రయముల నిర్ణయము

సాహిత్యచరిత్ర రచించువారికి గ్రంథములు మాత్రమే యాధారములు గావు, జాబులును ఆధారములే. చార్లెస్ ఫిలిప్ బ్రౌనుదొర నడపిన యుత్తరప్రత్యుత్తరములు నశింపక నిలిచినందుననే, బంగోరె మొదలగు పరిశోధకులు వానిని వెలికిఁ దీసి ప్రకటించినందుననే, 19వ శతాబ్దమున మన కావ్యముల ప్రతులెట్లు సేకరింపఁబడెనో, వాని పరిష్కరణమెట్లు సాగెనో మనకుఁ దెలియుచున్నది. గురజాడ అప్పారావుగారి లేఖలును దినచర్యలును లేనిచో వ్యావహారికభాషావాదచరిత్రలో ననేక ఘట్టములు చీఁకటిలోనే యుండెడివి. కాగితమునకుఁ జెదలు పట్టును, సిరా వెలసిపోవును. అయినను పెట్టెలోఁ బెట్టిన జాబు పెట్టెలోనే యుండును.

నేఁటి పండితుల జాబులు పెట్టెలలో లేవు. అవి ఈమెయిలు రూపమున ఏదో యొక వర్తకసంస్థవారి యంత్రములలో నున్నవి. మన పత్రికలును, గ్రంథసూచికలును వెబ్‌పుటలై మఱియొక సంస్థవారి యంత్రములలో నున్నవి. ఆ సంస్థవారు తలుపులు మూసిన దినమున అవి యేమగును? ఇది వట్టి యూహ గాదు. లక్షలకొలఁది జనులు తమ పుటలను నిలుపుకొన్న యాహూవారి జియోసిటీసు 2009వ సంవత్సరమున మూయఁబడెను. యాహూ గ్రూపులు 2020 డిసెంబరు 15వ తేదీన మూయఁబడెను. తెలుఁగు సాహిత్యచర్చలు జరిగిన రచ్చబండ వంటి కూటములు ఆ గ్రూపులలోనే వర్ధిల్లినవి. మునుపే ప్రతి తీసికొన్నవారి యొద్ద నా చర్చలు నిలిచినవి, తీసికొననివారికి దక్కలేదు. గూగులువారు రెండేండ్లు తెఱవని వ్యక్తిగత ఖాతాలను తొలగింపవచ్చునని 2023వ సంవత్సరమున నియమము చేసి, ఆ డిసెంబరునుండి యమలుపఱచుచున్నారు. ఒక పండితుఁడు పరమపదించిన పిమ్మట ఆయన సంకేతపదమును కుటుంబమువా రెఱుఁగనిచో, ఆయన జీవితకాలపు లేఖాసంచయము రెండేండ్లకే నశింపవచ్చును.

కావున ఈమెయిలునకును వెబ్‌పుటలకును ఆశ్రయదాతను ఎన్నుకొనుట గుమాస్తాకు విడువఁదగిన పని గాదు. ఈ వ్యాసమునఁ బ్రతిపాదింపఁదలఁచిన సిద్ధాంతము ఒక్కటియే: ఏ యాశ్రయదాతను విడిచిపోవుట సులభమో, ఆతనినే ఆశ్రయింపవలయును. సభ్యుల చేతులలోని నానావిధ పరికరములను సమానముగా నాదరించెడి దాతయు, తెలుఁగు లిపిని చెఱుపక కాపాడెడి దాతయు, తఱచుగా నట్టివాఁడే యగుట ముందు విశదమగును.

నామము, తపాల, పుట

ఈ విషయమునఁ గలిగెడి భ్రమలలోఁ బెక్కింటికి మూలము మూఁడు వేర్వేఱు వస్తువులను ఒక్కటిగాఁ దలఁచుటయే. మొదటిది డొమైను, అనఁగా అంతర్జాలమున సంస్థకుఁ గల పేరు. రెండవది తపాల, అనఁగా ఆ పేరిట వచ్చెడి ఈమెయిలును స్వీకరించి, దాఁచి, బదులు పంపెడి యేర్పాటు. మూఁడవది హోస్టింగు, అనఁగా ఆ పేరిట ప్రకటించు వెబ్‌పుటలకు ఆశ్రయమిచ్చెడి యేర్పాటు. మూఁటిని ఒక్క వర్తకుఁడే కట్టగట్టి యమ్మవచ్చును. అయినను అవి విడదీయరానివి గావు.

డొమైను నామవ్యవస్థను 1983వ సంవత్సరమున పాల్ మోకపెట్రిస్ రూపొందించెను. యంత్రములకు సంఖ్యలే చిరునామాలు. మనుష్యులకు సంఖ్యలు జ్ఞాపకముండవు. కావున పేరునకును సంఖ్యకును గల సంబంధమును తెలుపు పట్టిక యొకటి కావలసివచ్చెను. ఆ పట్టికలో ప్రతి పేరుక్రిందను పెక్కు పద్దులుండును. 'ఏ' యను పద్దు పుటలున్న యంత్రమును చూపును. 'ఎమ్మెక్స్' అను పద్దు ఆ పేరిట వచ్చెడి తపాలను గైకొను యంత్రమును చూపును. ఈ రెండు పద్దులును పరస్పరము స్వతంత్రములు. పుటలు ఒక దాతయొద్దను, తపాల వేఱొక దాతయొద్దను ఉండవచ్చును. తపాలదాతను మార్చుకొనఁగోరిన సంస్థ, క్రొత్త దాతయొద్ద పెట్టెలు తెఱచి, ఎమ్మెక్స్ పద్దును మాత్రము తిద్దినఁ జాలును. కొన్ని గంటలలో, మిక్కిలి యాలస్యమైనచో నొకటి రెండు దినములలో, లోకమంతయు క్రొత్త యంత్రమునకే జాబులు పంపును. చిరునామాలో నొక్క యక్షరమైనను మాఱదు. గ్రంథముల ముఖపత్రములపై నచ్చయిన చిరునామా యచ్చయినట్లే పనిచేయును.

పేరు సంస్థ స్వంతమై, తపాలయు పుటలును అద్దెయిండ్లవంటివై యుండుట యుత్తమము. ఇల్లు మాఱవచ్చును, ఇంటిపేరు మాఱదు. ఇందులకు విరుద్ధముగా, తపాలదాత పేరుతో ముగిసెడి చిరునామాను వాడు సంస్థ యింటిపేరునే అద్దెకుఁ దెచ్చుకొన్నదానితో సమానము. దాతను విడిచిన నాఁడు పేరును విడువవలసినదే.

నే నెఱిఁగిన యొక సాహిత్యసంఘమున జరిగిన సంగతి నిందు నిదర్శనముగాఁ జెప్పెదను. సంఘమువారి డొమైనును ఉత్సాహవంతుఁడైన యొక యువసభ్యుఁడు తన పేరిటనే, తన స్వంత యీమెయిలుతోనే నమోదు చేసెను. ఆయన కొన్నియేండ్లకు ఉద్యోగార్థము దూరదేశమునకుఁ బోయెను. రుసుము చెల్లింపుఁడని వచ్చిన హెచ్చరికలన్నియు ఆయన తెఱచుట మానిన ఖాతాలోఁ బడుచుండెను. గడువు దాఁటినది, పేరు పోయినది, అన్యుఁ డెవఁడో దానిని కొనెను. నేఁడు ఆ సంఘమువారి పాత సంచికలపై నచ్చయిన చిరునామాను నమ్మి పోవు చదువరికి సాహిత్యముతో నే సంబంధమును లేని వ్యాపారప్రకటనలు కనఁబడుచున్నవి. ఇందు ద్రోహము చేసినవాఁ డెవఁడును లేఁడు. పద్దు వ్యక్తి పేరిట నుండుటయే దోషము.

కావున నమోదులో స్వామిస్థానమున సంస్థ పేరే యుండవలయును. హెచ్చరికలు ఇద్దఱు కార్యనిర్వాహకులకు, అదియు ఆ డొమైనుతో సంబంధము లేని చిరునామాలకు, చేరవలయును. పేరును వేఱొక నమోదుదారునికి బదిలీ చేయుటకు వలయు సంకేతమును అడిగినప్పు డిచ్చెదరో లేదో ముందే తెలిసికొనవలయును. రుసుమును ఏఁటేఁట గాక పలు సంవత్సరములకు ఒక్కమాఱే చెల్లించుట క్షేమము. సాధారణముగాఁ బదేండ్లవఱకు చెల్లింపవచ్చును.

తెలుఁగు లిపిలోనే పేరుండవలదా యని భాషాభిమానులు ప్రశ్నింతురు. '.భారత్' అను తెలుఁగు లిపి యంత్యభాగము 2011వ సంవత్సరముననే యేర్పడినది. ఈమెయిలు చిరునామా సయితము దేశీయలిపిలో నుండుటకు వలయు నియమములు 2012వ సంవత్సరమున ప్రకటింపఁబడినవి. కాని ఆ నియమములను పాటింపని యంత్రము దారిలో నొక్కటి యున్నను జాబు చేరదు. అందుచేత తెలుఁగు పేరును తప్పక గైకొని దానిని పుటలకు వాడుకొనుచు, తపాలకు మాత్రము రోమను లిపి పేరును ప్రధానముగా నుంచుకొనుట నేఁటికి యుక్తము.

నానావిధ పరికరములు

ఒక పరిషత్తున కార్యదర్శిగారు విండోసు కంప్యూటరును, సంపాదకులు ఐఫోనును, కోశాధికారిగారు తక్కువ వెల ఆండ్రాయిడు ఫోనును, గ్రంథపాలకులు లినక్సు యంత్రమును, వృద్ధపండితులొకరు పదేండ్లనాఁటి టాబ్లెట్టును వాడుచున్నారనుకొందము. వీరందఱును ఒక్క దాత సాఫ్టువేరునే వాడవలెనని నిర్బంధించుట సాధ్యము గాదు, న్యాయమును గాదు. అందఱి పరికరములకును తెలిసిన సామాన్యభాష కావలయును. అట్టి భాషలనే ప్రోటోకోలు లందురు. వానిలో ఏ యొక్క వర్తకునికిని సొంతము గాక సర్వజనులకును ప్రకటింపఁబడినవి కొన్ని గలవు.

జాబును పంపుటకు ఎస్.ఎం.టి.పి. యనునది గలదు. ఇది 1982వ సంవత్సరమున వెలువడినది. వచ్చిన జాబును చదువుటకు రెండు పద్ధతులు గలవు. మొదటిది పాప్, 1984వ సంవత్సరమునాఁటిది. రెండవది ఐమ్యాప్, 1986వ సంవత్సరమున స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మార్క్ క్రిస్పిన్ నిర్మించినది. ఈ రెంటికిని గల భేదమును పండితులు తాళపత్రప్రతుల యుపమానముచే సులభముగా గ్రహింపవచ్చును. పాప్ పద్ధతిలో పాఠకుఁడు గ్రంథాలయమునుండి ప్రతిని ఇంటికిఁ గొనిపోవును. సాధారణముగా గ్రంథాలయమున నది మఱి యుండదు. ఐమ్యాప్ పద్ధతిలో ప్రతి గ్రంథాలయముననే యుండును. పాఠకులు ఎందఱైనను, ఏ ద్వారమునఁ బ్రవేశించినను, ఆ యొక్క ప్రతినే చూతురు. ఒకరు చదివినట్లు గుర్తు పెట్టిన రెండవవారికిని ఆ గుర్తు కనఁబడును. ఫోనులోఁ జదివిన జాబు కంప్యూటరులోఁ జదివినట్లే చూపఁబడుటకును, పంపిన బదులు రెంటను కనఁబడుటకును ఐమ్యాపే కారణము. పరికరములు పెక్కులున్నచోట పాప్ పనికిరాదు. అయితే యొక్క యుపయోగము దానికిఁ గలదు: సంవత్సరమున కొకమాఱు వచ్చిన జాబుల పెట్టెకు ప్రతి తీసి భద్రపఱచుట కది చాలును. అప్పుడును మూలప్రతులను చెఱుపవలదని యమర్చుకొనవలయును.

సభల తేదీలపట్టిక అందఱి ఫోనులలోను ఒక్కటిగా నుండుటకు క్యాల్‌డావ్ అను ప్రోటోకోలును (2007), సభ్యుల చిరునామాలపట్టిక యట్లుండుటకు కార్డ్‌డావ్ అనునదియు (2011) ఏర్పడినవి. మైక్రోసాఫ్టువారి యాక్టివ్‌సింక్ ఈ పనులన్నియు నొక్కటియే చేయును. ఫోనులలో బాగుగాఁ బనిచేయును. కాని యది యొక వర్తకుని సొత్తు; లినక్సు మొదలగు యంత్రములలో దాని కాదరణము తక్కువ.

ఇఁక పాత పరికరముల చిక్కు. జాబు మార్గమధ్యమునఁ బరులకంటఁ బడకుండ గుప్తము చేయు పద్ధతులలో ప్రాఁతవి రెండు 2021 మార్చిలో నిషిద్ధములుగాఁ బ్రకటింపఁబడినవి. మైక్రోసాఫ్టువారు 2022 అక్టోబరునుండి తమ సంస్థాగత తపాలలో, నామమును సంకేతపదమును మాత్రమే పంపి ప్రవేశించు పాత విధానమును త్రోసిపుచ్చిరి. గూగులువారును ఆ త్రోవనే త్రొక్కిరి. భద్రతదృష్ట్యా ఇవి యుచితములే. కాని వృద్ధపండితుల పాత టాబ్లెట్టు నాఁడు తెఱచుకొని నేఁడు తెఱచుకొనకపోవుటకుఁ గారణ మిదియే. ఆయన సంకేతపదమును మఱచుట గాదు. కావున ప్రవేశమునకు క్రొత్త పద్ధతి తెలియని పరికరములకు వేఱు సంకేతపదము నిచ్చెడి సౌకర్యము దాతయొద్దఁ గలదో లేదో యడుగవలయును. అదియు లేనిచోట బ్రౌజరులోఁ దెఱచు వెబ్‌మెయిలు శరణ్యము. ఆ వెబ్‌మెయిలు చిన్న తెరపైఁ జదువవచ్చునట్లున్నదో లేదో చూచుకొనవలయును.

రెండవ పరీక్షగా ఫోనునకు సంకేతము పంపు పద్ధతి నేఁడు సర్వత్ర వ్యాపించినది. ఫోను పోయిననాఁడు ఖాతాయే తెఱవరాక పోవును. అందుకై దాతలిచ్చెడి యాపద్ధర్మసంకేతములను కాగితముపై వ్రాసి సంస్థ బీరువాలో నుంచవలయును. వ్యక్తుల పేరిటఁ గాక పదవుల పేరిట చిరునామాలుండవలయును. సంపాదకులు మాఱినను సంపాదకుని పెట్టెలోని జాబులు మాఱినవారికిఁ జెందును. ఒక సంకేతపదమునే పలువురు పంచుకొనుట గాక, ఎవరి ప్రవేశము వారిదై పెట్టె మాత్ర ముమ్మడిదై యుండు నేర్పాటు మేలు.

మూఁడు పూర్వపక్షములు

ఉచితమైన వ్యక్తిగత ఖాతా యుండఁగా వెల పెట్టి కొనుట యేల యని మొదటి యాక్షేపము. ఉచితముగా నిచ్చినది మాట మార్చుకొనుటకును స్వేచ్ఛ గలది. గూగులువారు 2006వ సంవత్సరమునుండి స్వంత డొమైను గల సంస్థలకు ఉచితముగా తపాల నిచ్చిరి. 2012 డిసెంబరులో క్రొత్తవారికి దానిని మానిరి. 2022వ సంవత్సరమున పాతవారిని సయితము వెల చెల్లింపుఁడనిరి. పిదప వ్యాపారేతరముగా స్వంతమునకు వాడుకొనువారికి మాత్రము మినహాయింపు నిచ్చిరి. ఇందు దోషారోపణము లేదు. ధర్మసత్రమున దినములు లెక్కింపరాదనియే భావము. అయితే ధర్మసంస్థలుగా నమోదైన పరిషత్తులకు గూగులు, మైక్రోసాఫ్టు వారు ప్రత్యేకపథకములు నడపుచున్నారు. వెల చెల్లింపలేని సంస్థలు వానికి దరఖాస్తు చేసికొనుట సబబు. అప్పుడును పేరు మాత్రము సంస్థదే కావలయును.

అన్యుల నాశ్రయింపనేల, మన యంత్రమునే మనము నిలుపుకొందమని రెండవ యాక్షేపము. స్వాతంత్ర్యేచ్ఛ శ్లాఘ్యమే. పుటల విషయమున అది సాధ్యము. తపాల విషయమున మిక్కిలి కష్టము. దొంగజాబుల బాధచేత, పంపినవాఁడు నిజముగా నాతఁడేనా యని పరీక్షించు మూఁడు విధానము లేర్పడినవి. ఎస్.పి.ఎఫ్. అనునది ఈ పేరిట జాబు పంపుట కధికారము గల యంత్రములపట్టిక. డీకిమ్ అనునది జాబుపై వేసెడి రాజముద్రవంటిది. డీమార్క్ అనునది ముద్ర సరిపడని జాబు నేమి చేయవలయునో తెలుపు నాజ్ఞ. 2024 ఫిబ్రవరినుండి గూగులు, యాహూ వారు, పెద్దసంఖ్యలో జాబులు పంపువారికి ఈ మూఁడును తప్పనిసరి చేసిరి. తక్కువగాఁ బంపువారికిని ఒకటైనను ఉండవలె ననిరి. ఇవన్నియు నమర్చినను, క్రొత్త యంత్రమును పెద్ద దాతలు కొంతకాలము శంకించుచునే యుందురు. మన సభాహ్వానము సభ్యుల చెత్తబుట్టలోఁ బడినచో స్వాతంత్ర్యమువలన ఫలమేమి?

పుటల కాశ్రయమిచ్చెడి వర్తకుఁడే తపాలయుఁ గలిపి యిచ్చుచున్నాఁడు గదా యని మూఁడవ యాక్షేపము. తక్కువ వెల హోస్టింగులో నొక్క యంత్రమును అనేకులు పంచుకొందురు. పంపెడి జాబులన్నియు ఒక్క సంఖ్యాచిరునామానుండియే పోవును. పొరుగువాఁ డొక్కఁడు దొంగజాబులు పంపిన నా చిరునామాకంతకును అపకీర్తి గలుగును. నిర్దోషులమైన మనకును అందు భాగముండును. అంతేకాక ఒక్క బాకీ చెల్లింపనిచో పుటయు తపాలయు నొక్కమాఱే నిలిచిపోవును. కావున తపాల వేఱుగను పుటలు వేఱుగను నుంచుటయే సిద్ధాంతము.

ప్రసిద్ధ దాతలు

గూగులు వర్క్‌స్పేసు ఐమ్యాపును, క్యాల్‌డావ్, కార్డ్‌డావులను అంగీకరించును. దానిలో సంచులకు బదులు చీటీ లుండును. రెండు చీటీలు గల జాబు ఐమ్యాపునఁ జూచినప్పుడు రెండు సంచులలోఁ గనఁబడును. మైక్రోసాఫ్టు 365 విండోసువారికి సుఖము. తేదీలపట్టికకు మాత్రము క్యాల్‌డావ్ లేదు గాన లినక్సువారికి శ్రమ. చెన్నైనుండి నడచెడి జోహో తక్కువ వెలకు లభించును. ఉచితపథకము నెన్నుకొనువారు, అది ఏ సంస్థదైనను, అందు ఐమ్యాప్ ఉన్నదో లేదో ముందుగాఁ జూడవలయును. 1999వ సంవత్సరమున ఆస్ట్రేలియాలో మొదలైన ఫాస్ట్‌మెయిలు బహిరంగ ప్రోటోకోలులకుఁ బేరుగన్నది. 2019వ సంవత్సరమున నియమరూపము పొందిన జేమ్యాప్ అను క్రొత్త పద్ధతిని ముందుకుఁ దెచ్చినవారిలో నది ముఖ్యము. 2014వ సంవత్సరమున స్విట్జర్లండులో వెలువడిన ప్రోటాన్ మెయిలు రహస్యరక్షణమున గట్టిది. కాని యా రక్షణమువలననే, సాధారణ ఐమ్యాప్ అందుఁ బనిచేయదు. కంప్యూటరులో నొక మధ్యవర్తి సాఫ్టువేరు కావలయును. ఫోనులో వారి సాఫ్టువేరే వాడవలయును. రహస్యమును సర్వపరికరసౌలభ్యమును పూర్తిగా నొక్కచోట దొరకవని దీనిచేఁ దెలియుచున్నది. పరిశోధనసంస్థకు రహస్యములు తక్కువ, పరికరములు పెక్కు. కాఁబట్టి సౌలభ్యమువైపే మొగ్గుట తగును.

లిపిపరీక్ష

యూనికోడు మొదటి కూర్పు వెలువడిన 1991వ సంవత్సరమునుండియు తెలుఁగునకు అందు 128 స్థానముల గది గలదు. 1992వ సంవత్సరమున కెన్ థామ్సన్, రాబ్ పైక్ అనువారు నిర్మించిన యూటీయెఫ్-8 పద్ధతిలో తెలుఁగు సంజ్ఞ యొక్కొక్కటికి 3 బైట్లు పట్టును. 'క్ష' యనునది కకారము, విరామము, షకారము అను మూఁడు సంజ్ఞలు గాన 9 బైట్లు. ఈమెయిలు తొలుత రోమనులిపికొఱకే పుట్టినది గాన, ఈ బైట్లను మరల రోమనుసంజ్ఞలలోనికి మార్చి పంపుదురు. ఒక పద్ధతిలో 'క్ష' 12 సంజ్ఞలగును, మఱియొక పద్ధతిలో 27 సంజ్ఞలగును. మార్గమున నీ పరివర్తనములు జరుగుచుండఁగా, ఏ యంత్రమైనను వాడిన పద్ధతి పేరును సరిగాఁ దెలుపకున్నచో చదువరికి ప్రశ్నార్థకములు గాని, అర్థము గాని రోమనక్షరములు గాని కనఁబడును. జోడించిన తాళపత్రచిత్రములకును ఇట్టి వృద్ధి గలదు. 3 బైట్లు 4 అగును. 25 మెగాబైట్ల పరిమితి ఆ వృద్ధిరూపమునకు వర్తించినచో, చిత్రపరిమాణము 18 మెగాబైట్లకు మించరాదు.

అక్షరము సరిగాఁ జేరినను పరికరమున నా రూపము లేకపోవచ్చును. దంత్యములైన ౘ, ౙలు యూనికోడులోఁ జేరినది 2008వ సంవత్సరముననే. పాత ఫోనులలో వీనికి బదులు వట్టి చతురములు కనఁబడవచ్చును. వ్యాకరణవ్యాసము పంపు పండితునికి ఇది సామాన్యదోషము గాదు, ఉదాహరణమే మాయమగును. 2018 ఫిబ్రవరిలో మఱింత విచిత్రము జరిగినది. 'జ్ఞా' యను నక్షరమధ్యమునఁ గంటికిఁ గానరాని సంధినిరోధకసంజ్ఞ యొకటి చేరిన రూపమును చూపఁబోయి నాఁటి ఐఫోనులలో సందేశముల సాఫ్టువేరు లొరిగిపోయినవి. ఆ నెల 19వ తేదీన ఆపిలువారు దిద్దుబాటు వెలువరించిరి. జ్ఞానవాచకమైన యక్షరమే యంత్రమును మూర్ఛిల్లఁజేసినది గదా యని నాఁడు పలువురు నవ్వుకొనిరి. పరికర మెంత వెల గలదైనను మన లిపిలోఁ బరీక్షింపక నమ్మరాదని యందలి నీతి.

కావున ఒప్పందమునకు ముందు పరీక్షాలేఖ నొకటి వ్రాయవలయును. విషయపంక్తిలో తెలుఁగు, పాఠమున అరసున్న, ఱకారము, ౘ-ౙలు, సంయుక్తాక్షరములు, జోడింపు దస్త్రమునకు తెలుఁగు పేరు, ఇవన్నియు నందుండవలయును. దానిని సభ్యుల పరికరములన్నిటినుండియు పంపి, అన్నిటియందును తెఱచి, మూలముతో సరిపోల్చవలయును. ప్రతులను సరిచూచుటయందు మన పండితులకుఁ గల నేర్పు ఇక్కడ నుపయోగించును.

వెబ్‌పుటల ఆశ్రయము

పుటలు రెండువిధములు. ముందే సిద్ధము చేసి యుంచిన స్థిరపుట లొకవిధము. చదువరి యడిగినప్పు డెల్ల దత్తపట్టికనుండి కూర్చి యిచ్చునవి రెండవవిధము. 2003వ సంవత్సరమున వెలువడిన వర్డ్‌ప్రెస్ రెండవతెగకుఁ జెందినది. వ్రాయుటకు సులభమే, కాని తఱచుగా దిద్దుబాట్లు చేయుచుండవలయును. లేనిచో దుండగులు ప్రవేశింతురు. త్రైమాసికపత్రికకు, గ్రంథసూచికకు స్థిరపుటలే చాలును. వానిని ఒక సంచిగాఁ గట్టి యే యాశ్రయమునకైనను ఒక్కపూఁటలోఁ దరలింపవచ్చును. వర్డ్‌ప్రెస్ వాడువారు దత్తపట్టిక యూటీయెఫ్-8లో నున్నదని రూఢిచేసికొనవలయును. లేనిచో తరలించు నాఁడు తెలుఁగంతయుఁ బ్రశ్నార్థకములగును.

చదువరులలోఁ బెక్కండ్రు ఫోనులలోనే చదువుదురు గాన, తెర వెడల్పును బట్టి పుట తానే సర్దుకొనవలయును. పరికరమున మంచి తెలుఁగు రూపములు లేకున్నను కనఁబడునట్లు, మండలి, గురజాడ వంటి యుచిత ఫాంటులను పుటతోడనే పంపవచ్చును. పుట గుప్తముగాఁ జేరుటకు యోగ్యతాపత్రము కావలయును. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ దాని నుచితముగా నిచ్చుచున్నది. కాని ఆండ్రాయిడు 7.1.1 కంటెఁ బూర్వపు ఫోనులు ఆ పత్రమును స్వతః గుర్తింపవు. పాత ఫోనులవారిని విడువరాదనుకొను సంస్థ ఈ సంగతి నాశ్రయదాత నడుగవలయును.

మఱియొక ముఖ్యవిషయము. మన ముద్రణలోఁ బెక్కుకాలముగా వాడఁబడుచున్న కొన్ని ఫాంటులు యూనికోడు కావు. వానితోఁ గూర్చిన సంచికల పీడీయెఫ్‌లు కంటికిఁ దెలుఁగే; యంత్రమునకు మాత్రము తెలుఁగు గాదు. అందులో 'నన్నయ' యని వెదకిన దొరకదు. పాత సంచికలను పుటలలో నుంచువారు పాఠమును యూనికోడులోనికి మార్చి, సరిచూచి, పీడీయెఫ్‌తోపాటు ఉంచినఁగాని పరిశోధకునికి ప్రయోజనముండదు. ఏ యాశ్రయదాతయు నీ పని మనకై చేయఁడు.

నిర్ణయక్రమము

పైఁజెప్పిన దానిని సంగ్రహించినచో క్రమ మిట్లగును. మొదట పేరును సంస్థ పేరిట నమోదు చేయవలయును. పిదప సభ్యుల పరికరముల పట్టిక వ్రాసికొనవలయును. వానిలో మిక్కిలి పాతదే గీటురాయి. తపాలదాతలలో ఐమ్యాప్, క్యాల్‌డావ్, కార్డ్‌డావ్ ఇచ్చువారిని వేఱుచేసి, ఇరువురియొద్ద ఒక నెల పరీక్షాఖాతాలు తెఱచి, లిపిపరీక్ష నడపవలయును. ఆ నెల ముగియకముందే జాబులన్నిటికి ప్రతి దింపుకొని వేఱొక దాతయొద్ద నెక్కింపఁజూడవలయును. ఈ కడపటి పరీక్షయే ముఖ్యము. ప్రవేశద్వారము నెల్లరును అలంకరింతురు. నిర్గమద్వారము తెఱచియున్నదో లేదో చూచినవాఁడే వివేకి. పుటల యాశ్రయమును వేఱుగా నెన్నుకొని, పుటల ప్రతి యొకటి సంస్థ కార్యాలయమునను, ఒకటి వేఱొక యూరనున్న సభ్యునియొద్దను ఉంచవలయును. ఏఁటేఁట వార్షికసభకు ముందు, లెక్కలు తనిఖీ చేయునట్లే, ఈ ప్రతులను తెఱచి చూడవలయును. తెఱవని ప్రతి ప్రతి గాదు.

ఒక్క ప్రతియే మిగిలిన కావ్యమును చేతఁబట్టుకొన్న పరిష్కర్తకుఁ గలిగెడి భయ మెట్టిదో ఈ పత్రికాపాఠకులు స్వయముగా నెఱుఁగుదురు. రెండవ ప్రతి యుండిన నెంత బాగుండెడిదని పూర్వులనుగూర్చి వగచు మనము, మన జాబులను మన పుటలను ఒక్క ప్రతిగా, అన్యుల యింట, అన్యుల పేరిట విడుచుట తగదు. వర్తకులు మాఱుదురు, యంత్రములు మాఱును, పరికరములు మాఱును. పేరును ప్రతియు మనవైయున్నచో, నూఱేండ్ల పిమ్మట మన కాలపు సాహిత్యచరిత్ర వ్రాయఁబూనువానికి ఆధారములు మిగులును. ఇందలి గుణదోషములను విజ్ఞులు పరిశీలించి, తమ తమ సంస్థలలోఁ గలిగిన యనుభవములను ఈ పత్రికాముఖమునఁ దెలుపుదురు గాక.